అవతలి ఒడ్డున వెలిగిన లంక

మొన్న ఇద్దరమ్మాయిలు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఇద్దరిదీ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం కోనసీమ పటాన్ని వెబ్ పేజీగా కట్టారట. అమలాపురంలో ఇలాంటి పని ముందుగా చేసినవాణ్ణి నేనని ఎవరో చెబితే చూపించడానికి తెచ్చారు. తెర నిండా పచ్చటి పటం, మధ్యలో నీలంగా గోదావరి పాయలు. చూడముచ్చటగా ఉంది. ఒక్క ఊరి పేరు కూడా లేదు.

"పేర్లేవమ్మా?" అన్నాను.

"మౌస్ పెడితే వస్తాయండి," అంది ఒకమ్మాయి.

"పెట్టకపోతే?"

"పెడతారు కదండీ," అంది రెండో అమ్మాయి నవ్వుతూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్ళకి ఆ మాట నేర్పినవాళ్ళ మీద, ఇరవై ఏళ్ళ కిందట అచ్చం అదే మాట అన్న నా మీద. వాళ్ళకి కాఫీలిచ్చి పంపించి, ఇది రాయడానికి కూర్చున్నాను. నేను ఎప్పుడు చేరాను, ఏ గ్రేడులో దిగాను అన్నవి ఎవరికీ పనికిరావు. ఒక పటం గురించి, ఒక లంక గురించి చెబుతాను. ఆ లంక పేరు రాయను. అక్కడివాళ్ళకి తెలుసు, అది చాలు.

సిరాతో ఒకటి, పెన్సిలుతో ఒకటి

1990ల మొదట్లో అమలాపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. పాత పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనబడే గీతల్ని సిరాతో పైకి దింపడమే ట్రేసరు పని. చెయ్యి వణికితే ఊరి పొలిమేర మారిపోతుంది. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రామజోగిగారు. మనిషి మెతక, చెయ్యి మాత్రం ఇనుము.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదది. ఏటా వేసవి చివర్లో, గోదావరికి వరద ఎర్రనీరు దిగకముందే, సైకిలేసుకుని ఏటిగట్టు వెంట వెళ్ళేవారు. రేవు రేవునా దిగి పడవవాళ్ళని అడిగేవారు. ఈ ఏడు ఇసక ఎక్కడ మేట వేసింది? ఏ పాయ పూడింది? ఏ లంకవాళ్ళు ఎటు దాటుతున్నారు? తిరిగొచ్చి ఆఫీసు పటం మీద పెన్సిలుతో సన్నటి గుర్తులు వేసేవారు.

నేను చెబుతున్న లంక గోదావరి పాయ అయిన వైనతేయ మధ్యలో ఉంది. ఒకప్పుడు అది రాజోలు వైపు ఉన్న ఒక ఊరికి అంటుకుని ఉండేదట. రికార్డులో ఇప్పటికీ ఆ ఊరిదే. తరవాత గోదావరి ఒక వరదలో మధ్యకి కోసేసి, పెద్ద ప్రవాహమంతా రాజోలు వైపుకి మళ్ళింది. అమలాపురం వైపు సన్నటి పాయ మిగిలింది. వేసవిలో మోకాలిలోతు. దాంతో లంకవాళ్ళ సంత, చదువు, ఆసుపత్రి, వియ్యాలు అన్నీ ఈవలి ఒడ్డుకు వచ్చేశాయి. పన్ను కట్టడానికి మాత్రం అవతలి ఊరు.

రామజోగిగారు ఆ లంక దగ్గర ఈవలి ఒడ్డుకి ఒక పెన్సిలు గీత లాగి, పక్కన "వరదలో పడవ ఇటునుంచే" అని రాసిపెట్టారు.

"సిరాతో వేసేద్దామాండీ?" అని అడిగాను ఒకసారి.

"వద్దోయ్. హద్దు రికార్డుది, దాన్ని సిరాతో వెయ్యి. దారి గోదారిది. అదెప్పుడు తిరుగుతుందో ఎవరికెరుక? దాన్ని పెన్సిలుతోనే వెయ్యాలి. మారితే చెరుపుకోవచ్చు," అన్నారు. మళ్ళీ పటం మీదికి వంగుతూ, "రేవులో అడక్కుండా మాత్రం చెరపకు సూరిబాబూ," అన్నారు.

ఆఫీసులోకి కంప్యూటరు వచ్చేనాటికి ఆయన రిటైరయ్యారు. ఆ వేసవి నుంచి సైకిలేసుకుని గట్టు వెంట వెళ్ళినవాడు లేడు. నేను వెళ్ళలేదు. ఎండ అన్నాను, పని అన్నాను.

వెలిగే పటం

2000లు వచ్చాక మాకు కొత్త ఆఫీసరు వచ్చారు. నాకంటే చిన్నవారు, పట్నంలో పెరిగినవారు. చెడ్డవారని అనను. లంచం ముట్టరు. కానీ ఆయనకి పని కంటే పని కనిపించడం ముఖ్యం. జీవితంలో ఎన్నో రకాల బాసుల కింద చేశాను, లంచగొండుల కిందా చేశాను. అందరిలోకీ ఈ రకమే ప్రమాదం అని ఇప్పుడు నిస్సంకోచంగా చెబుతున్నాను. లంచగొండి తప్పు చేస్తే తప్పని తెలిసే చేస్తాడు. వీళ్ళకి ఆ తెలియడం కూడా ఉండదు.

ఆయనకొక వెబ్‌సైటు కావాలి. అందులో పటం ఉండాలి. మౌస్ బాణం ఏ ఊరి మీద పెడితే ఆ ఊరు రంగు మారి వెలగాలి, పక్కన ఒక పెట్టె తెరుచుకుని అందులో ఆ ఊరి వివరాలు రావాలి. ఎక్కడో చూసి వచ్చారు. "సూరిబాబుగారూ, ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు. మూడు వారాలు," అన్నారు.

వెబ్ పేజీలు రాసే హెచ్.టి.ఎం.ఎల్. నాకు అక్షరం ముక్క రాదు. గడియారస్తంభం దగ్గర ఒక నెట్ సెంటర్లో గంటలకి గంటలు కూర్చుని నేర్చుకున్నాను. అప్పుడు నలభై దాటాను. మౌస్ తగలగానే వెలిగే ఈ హోవర్ అనేదాన్ని, పేజీకి రంగూ రూపూ ఇచ్చే సీఎస్సెస్‌తో ఎలా చేస్తారో తెలిసిన రోజున చిన్నపిల్లాడిలా పొంగిపోయాను. ప్రతి ఊరికీ ఒక లింకు రాసి, ఆ లింకుని పటం మీద సరిగ్గా ఆ ఊరున్న చోట కూర్చోబెట్టాలి. మౌస్ తగిలితే వెనక బొమ్మ మారాలి, దాచిన వివరాలు బయటికి రావాలి. అప్పటి బ్రౌజరులో లింకు మీద తప్ప ఇంకదేని మీదా హోవర్ పనిచేసేది కాదు. దాని పేచీలన్నీ తట్టుకుని మొత్తానికి ఊళ్ళని వెలిగించాను. గుడి ఉన్న అప్పనపల్లి మొదట వెలిగింది. స్వామి దయ అనుకున్నాను.

ఇందులో ఒక చిక్కు ఉంది, కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఊరు ఏ వంకరలో ఉన్నా సీఎస్సెస్ దానికిచ్చేది నాలుగు మూలల పెట్టె ఒక్కటే. నదీ తీరాన పొలిమేరలు పాముల్లా మెలికలు తిరుగుతాయి. ఒక ఊరి పెట్టె పక్క ఊరి మీద పడుతుంది. మధ్యలో చిన్న ఊరుంటే పెద్ద ఊరి పెట్టె దాన్ని మింగేస్తుంది. మింగకుండా ఉండాలంటే చిన్న ఊరికి విడిగా ఒక పెట్టె కట్టి దాన్ని పైన పెట్టాలి. గంట పని.

పాత పటాన్ని స్కాన్ చేయించి తెర మీద పెట్టాం. రామజోగిగారి పెన్సిలు గుర్తులన్నీ బూడిదరంగు మరకల్లా కనబడ్డాయి. ఆఫీసరుగారు నా వెనక నిలబడి చూశారు.

"ఈ మరకలేంటండీ? అసహ్యంగా. తీసేయండి."

"అవి మరకలు కాదండి. లంకలకి పడవ ఎటునుంచి వెళ్ళాలో..."

"రికార్డులో ఉందా అది?"

"లేదండి."

"మరి? మన వెబ్‌సైటు రికార్డు ప్రకారం ఉండాలా, ఎవరో పెన్సిలుతో గీసినట్టు ఉండాలా?"

కంప్యూటరులో చెరిపే రబ్బరు బొమ్మ ఒకటుంటుంది. దాన్ని పట్టుకుని ఒక్కో గుర్తునీ చెరిపాను. ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ లంక దగ్గరికి వచ్చినప్పుడు కాసేపు ఆగాను. అది నిజం. ఆగి, చెరిపాను. అదీ నిజం. లంకకి విడిగా పెట్టె కట్టలేదు. రాజోలు వైపు ఊరి పెట్టెలోనే ఉండిపోయింది. మౌస్ పెడితే లంకా, నది అవతలున్న ఆ ఊరూ కలిసి ఒకే రంగులో వెలిగేవి. పక్కన పెట్టెలో అవతలి రేవు పేరు, అవతలి పునరావాస కేంద్రం పేరు వచ్చేవి.

ప్రారంభోత్సవం రోజున పెద్దలు మౌస్ కదిపి ఊళ్ళు వెలుగుతుంటే చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన దాన్ని ప్రింటు తీయించుకుని ఇంటికి తీసుకెళ్ళబోయారు. ప్రింటులో హోవర్ ఎక్కడిది? తెల్ల కాగితం మీద ఖాళీ గీతలు వచ్చాయి. "పేర్లేవయ్యా?" అని అడిగారాయన. "మౌస్ పెడతారు కదండీ," అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆవిడ వచ్చి చెప్పింది

మూడో ఏడు వేసవిలో ఆ లంక నుంచి ఒకావిడ ఆఫీసుకొచ్చింది. పేరు వరలక్ష్మి. లంకలో అంగన్‌వాడీ టీచరు. ఏదో ఫారం కోసం నెట్ సెంటరుకి వెళ్ళి, మా పటం చూసిందట.

"మా ఊరు అవతలి ఒడ్డుతో వెలుగుతోందండి. మేము అటు దాటి ఎన్నేళ్ళయిందోనండి. వరదొస్తే ఆ రేవు నుంచి ఎవరూ మా దగ్గరికి రాలేరండి. మధ్యలో ఏరు నిలువునా పారతాది. మా మావయ్యగారు ఆయాసం మనిషండి. పోయినేడు రెండుసార్లు ఈవలికే తెచ్చి ఆసుపత్రిలో పెట్టేం. కొంచెం సరిచెయ్యండి, ఆయ్."

ఆవిడని ఆఫీసరుగారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన కూర్చోమనలేదు. విన్నారు, తల ఊపారు. "అమ్మా, మీ ఊరు రెవెన్యూ ప్రకారం అటే ఉంది. మీరు ఇటు దాటుతున్నారని మేము పటం మార్చలేం కదా. ముందు రికార్డు మార్పించుకురండి."

"రికార్డు మార్చమని ఏటిని అడగాలాండీ?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. అండీ వదల్లేదు.

బయటికొచ్చాక నాతో, "మీరైనా చూడండి సూరిబాబుగారూ," అంది. "చూస్తానమ్మా," అన్నాను. గంట పని అని మీకు ముందే చెప్పాను. ఆ గంట నాకు రెండు నెలల్లో దొరకలేదు. నిజానికి దొరకలేదనడం అబద్ధం. ఆఫీసరు కాదన్న పనిని చేసి ఆయన కళ్ళలో పడటం ఎందుకని ఊరుకున్నాను. భయం అనండి, బద్ధకం అనండి, నా వరకు రెండూ ఒకటే.

ఎర్రనీరు

ఆ ఏడు వరద ముందే వచ్చింది, గట్టిగా వచ్చింది. నన్ను ఓడలరేవు వైపు ఒక పునరావాస కేంద్రంలో డ్యూటీకి వేశారు. అమలాపురం కంట్రోల్ రూములో కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు వేరే జిల్లా నుంచి డెప్యుటేషను మీద వచ్చినవాళ్ళు. వాళ్ళకి గోదావరి తెలియదు. తెలియనివాళ్ళ కోసమే కదా పటం. వాళ్ళు చెయ్యాల్సిన పనే చేశారు. లంక నుంచి ఫోను రాగానే మౌస్ పెట్టి చూశారు. అవతలి ఒడ్డు వెలిగింది. మోటారు బోటుని ఏ రేవుకి పంపాలో పెట్టెలో ఉంది. పంపేశారు.

ఇక్కడ ఈవలి గట్టు మీద పడవ సరంగు ఏడుకొండలు ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ పాయలో పడవ వేసే మనిషి. జరిగిందంతా తరవాత నాకు చెప్పింది అతనే.

"బోటు ఇటు రావాలి బాబుగారూ అని గట్టు మీద వరద డ్యూటీలో ఉన్న ఆఫీసరుబాబుతో మొత్తుకున్నానండి. ఆయన మంచోడేనండి, అప్పుడే కంట్రోల్ రూముకి ఫోను చేసేరు. కంప్యూటర్లో అటే ఉంది, అటే పంపించేశాం అన్నారంటండి. ఆ కంప్యూటరు ఎప్పుడైనా ఈ ఏరు దాటిందాండీ?"

అవతలి రేవులో బోటు నడిపేవాడు ప్రవాహాన్ని చూసి, దిగనన్నాడు. తప్పు లేదు. దిగితే బోటూ పోయేది, మనుషులూ పోయేవారు. నీరు తగ్గేదాకా చూద్దామని అక్కడే కట్టేశారు. ఈవలికి పంపడానికి ఇంకో మోటారు బోటు లేదట. ఈవలి పాయలో కూడా చెక్క పడవకి లొంగనంత నీరుంది. మోటారు బోటుకైతే పది నిమిషాల దారి. ఊరంతా బడి మేడ మీదికి ఎక్కి కూర్చుంది. అంబులెన్సు ఈవలి గట్టు మీద నిలబడి ఉంది. మేడ మీంచి చూస్తే అది కనబడుతూనే ఉందట.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి పాయలో వడి కాస్త తగ్గింది. ఏడుకొండలు, ఇంకో ఇద్దరు తెగించి సొంత పడవలు వేశారు. ముందు పిల్లల్ని దింపారు, తరవాత ఆడవాళ్ళని. మూడో విడతలో వరలక్ష్మి మామగారిని తెచ్చారు. ఆయన అప్పటికే, ఆ పొద్దున్నే పోయారు.

మందు మొదటి రోజే తడిసి పాడైందట. రాత్రంతా కూర్చోబెట్టి వీపు నిమిరారట. ఆయన చివరిదాకా, "బోటు వస్తాది, మా కోడలు ఆఫీసులో చెప్పొచ్చింది కదా," అంటూనే ఉన్నారట.

వయసుతో పోయాడు

నాలుగో రోజున ఆఫీసుకొచ్చాను. ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటరు ముందు కూర్చుని లంకకి విడిగా పెట్టె కట్టాను. ఈవలి రేవు పేరు రాశాను. ఊరి పేరు హోవర్ కింద దాచకుండా పటం మీదే, అందరికీ కనబడేట్టు పెట్టాను. గంట కూడా పట్టలేదు. నలభై అయిదు నిమిషాలు. ఆ నలభై అయిదు నిమిషాలు రెండు నెలల ముందు ఎక్కడున్నాయిరా అని నన్ను నేను బూతులు తిట్టుకున్నాను.

ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళి, "పటం వల్ల మనిషి పోయాడండి," అన్నాను.

"ఎనభై దాటిన మనిషండీ. వరదతో పోలేదు, వయసుతో పోయాడు. ఎక్కువ ఆలోచించకండి," అన్నారు.

ఈ మాట ఈనాటికీ నా చెవుల్లో సీసం పోసినట్టే ఉంది. వయసుతో పోయే మనిషి కళ్ళెదుట అంబులెన్సు పెట్టుకుని ఊపిరాడక ఎందుకు పోతాడు? ఎనభై ఏళ్ళు ఆ ఏటి మధ్య బతికి, ఎన్ని వరదలు చూసి ఉంటాడు. ఏరు చంపలేని మనిషిని మనం చంపాం. దాన్ని వయసు మీదికి నెట్టడమా? ఆ రోజు ఆ బల్ల మీద చెయ్యి వేసి గట్టిగా అరిచాను. పాతికేళ్ళు చేసిన సర్వీసులో ఆఫీసరు మీద అరిచింది అప్పుడొక్కసారే. ముందు అరవాల్సింది, మూడేళ్ళ ముందు, ఆయన మరకలు తీసేయమన్నప్పుడు.

రెండో రోజుకల్లా నాకు మెమో వచ్చింది. అరిచినందుకు కాదు. అనుమతి లేకుండా, రికార్డుకి విరుద్ధంగా పటం మార్చినందుకు. చూడండి వేగం! లంకకి బోటు వెళ్ళడానికి లేని వేగం కాగితానికి ఎక్కణ్ణుంచి వచ్చింది? సంజాయిషీ ఇవ్వమన్నారు, పాత పటం తిరిగి పెట్టమన్నారు. పెట్టనని రాసిచ్చాను. ఏం చేసుకుంటారో చేసుకోమన్నాను. ఏమీ చేయలేదు. గొడవ పైకి వెళితే తమకే మచ్చ అని ఊరుకున్నారు. నా పటం ఉండిపోయింది. అదేదో నేను గెలిచినట్టు ఆఫీసులో కొందరు భుజం తట్టారు. అసహ్యం వేసింది.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మౌస్ పెడితేగాని కనబడనిది పటం మీద లేనట్టే లెక్క. ఏది దాచాలో, ఏది దాచకూడదో మీ ఆఫీసరుకి తెలియదు, మీ క్లయింటుకి తెలియదు. వెళ్ళి రేవులో అడగండి. అడిగి తెలుసుకున్నాక కూడా నోరు మూసుకుంటే, మీకు వచ్చిన విద్యంతా బూడిదలో పోసిన పన్నీరే.

లంకకి వెళ్ళాను

పెద్దాయన పోయిన పదకొండో రోజున లంకకి వెళ్ళాను. ఏడుకొండలు పడవలోనే దాటాను. నీరు తీసింది. గుమ్మాల దాకా ఒండ్రు ఎండి పగుళ్ళు వారింది. వరలక్ష్మి ఇంటి ముందు పందిరి వేశారు, బంధువులు భోజనాలకి కూర్చుంటున్నారు. నన్ను చూసి ఆవిడే ఎదురొచ్చింది.

"వచ్చేరాండీ. మీరు ఆఫీసరుగారికి ఎదురు తిరిగేరని ఏడుకొండలు చెప్పేడండి. మీరేం చేస్తారు, పైవాళ్ళ మాట కదండీ. కూర్చోండి, భోంచేసి వెళుదురుగాని."

అక్కడ ఊరుకుని ఉంటే నన్ను మంచివాడనుకుని ఉండేది. ఆ మంచితనంతో ఆ విస్తరి ముందు కూర్చోలేకపోయాను. పక్కకి పిలిచి చెప్పాను. "అమ్మా, నువ్వు వచ్చి చెప్పకముందే నాకు తెలుసు. పడవ ఈవలి నుంచే రావాలని మా ఆఫీసు పెద్దాయన పటం మీద రాసిపెట్టారు. దాన్ని చెరిపింది నేనే. ఎందుకు రాశారో తెలిసే చెరిపాను."

ఆవిడ పందిట్లో వడ్డన చేస్తున్న భర్త వైపు ఒకసారి తిరిగి చూసింది.

"ఈ మాట మా ఆయన చెవిని పడనివ్వకండి. ఇయ్యాళ వింటే ఏం చేస్తారో ఆయనకే తెలీదండి. రండి, రేవు దాకా నేను వస్తాను."

ఆవిడ ముందు నడిచింది, నేను వెనక నడిచాను. రేవులో నేను పడవ ఎక్కేదాకా గట్టు మీద నిలబడింది.

"మీరింక మా లంకకి రాకండేం," అంది. అప్పుడు కూడా మర్యాదగానే అంది.

ఆ మాట నేను దాటలేదు. ఆ లంకలో మళ్ళీ అడుగు పెట్టలేదు.